కనిపించని పక్షికి దాని కూతే ఆధారం కావాలంటే

మీ ప్రశ్నను నాకు అర్థమైనంత మేరకు ముందు చెప్పుకుంటాను. పొదలు దట్టంగా ఉన్న ఒక చోట రెండు సాయంత్రాలు వరుసగా మీరు ఒక కూత విన్నారు. అక్కడ చాలా ఏళ్లుగా ఎవరూ నమోదు చేయని పక్షి అది అని మీకు గట్టి అనుమానం. పక్షి కంటపడలేదు గానీ, ఫోనులో 14 సెకన్ల రికార్డింగు దొరికింది. ఫొటో లేకుండా కూత ఒక్కటే ఆధారంగా నిలుస్తుందా, నిలవాలంటే ఇకముందు ఎలా రికార్డు చేయాలి అని అడిగారు.

నిలుస్తుంది. రాత్రిపూట తిరిగే పక్షుల విషయంలోనూ, రూపంలో ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉండే జాతుల విషయంలోనూ మసకబారిన ఫొటో కంటే శుభ్రమైన కూతే గట్టి ఆధారం. అయితే మూడు షరతులు ఉన్నాయి. ఆ జాతి గొంతు ఇదేనని అంతకుముందే నిర్ధారణ అయి ఉండాలి. రికార్డింగు ఎక్కడా కత్తిరించకుండా, ఏ పరిస్థితుల్లో చేశారో ఆ వివరాలతో సహా ఉండాలి. అలాంటి శబ్దమే చేసే ఇతర ప్రాణి ఏదీ కాదని చూపగలగాలి. మీ 14 సెకన్లు వెతకడం మొదలుపెట్టడానికి చాలు, నమోదుకు మాత్రం చాలవు.

మొదటి షరతు తేలికైనదిగా కనిపిస్తుంది గానీ, అరుదైన పక్షుల దగ్గర అసలు చిక్కంతా అక్కడే ఉంది. పోల్చి చూడడానికి నమూనా కూతే లేని పక్షిని చెవితో ఎలా గుర్తిస్తాం? దీనికి కలివికోడి కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించకుండా పోయి, 1986లో కడప జిల్లా పొద అడవుల్లో స్థానికుల సాయంతో మళ్లీ దొరికింది. దొరికాక కూడా దాని గొంతు ఎలా ఉంటుందో రికార్డు కావడానికి దాదాపు పదిహేనేళ్లు పట్టింది. ఆలోగా దాని ఉనికిని కనిపెట్టడానికి పరిశోధకులు మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారాక వాటిపై కాలిముద్రలు వెతికేవారు, కెమెరాలు అమర్చేవారు. 2000ల తొలినాళ్లలో కూత చేతికి వచ్చిన తర్వాత వెతికే పద్ధతే మారిపోయింది. ఆ కూత రెండేసి అక్షరాల ముక్కలుగా, వెంటవెంటనే చాలాసార్లు వస్తుంది. ఎక్కువగా సూర్యాస్తమయం తర్వాత ముప్పావు గంట ప్రాంతంలో, కొద్ది నిమిషాలపాటే వినిపిస్తుంది. ఆ కొద్ది నిమిషాలు ఎప్పుడో తెలియకపోతే రాత్రంతా కూర్చున్నా ప్రయోజనం ఉండదు. మళ్లీ చాలా ఏళ్లు జాడ లేకుండా పోయిన ఆ పక్షి ఉనికి 2025 ఆగస్టులో తిరిగి రుజువైంది కూడా కూత రికార్డు కావడం వల్లనే. మొదట ఎవరో ఆ గొంతును పక్షితో ముడిపెట్టి భద్రపరచకపోయి ఉంటే, ఆ సాయంత్రం వినిపించినది ఏమిటో ఎవరూ తేల్చలేకపోయేవారు.

ఆస్ట్రేలియాలోని రాత్రి చిలుకదీ ఇలాంటి కథే. 1990లోనూ 2006లోనూ చనిపోయిన పక్షులు దొరికాయి గానీ, బతికి ఉన్న పక్షి ఫొటో పశ్చిమ క్వీన్స్‌లాండ్‌లో 2013లోనే వచ్చింది. దాని కూతలు తెలిశాక వెతుకులాట రికార్డర్ల చేతికి వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో నూరూర్పా ప్రాంతపు ఆదివాసీ రేంజర్లు, శాస్త్రవేత్తలు కలిసి అనేక చోట్ల రికార్డర్లు పెట్టి, అక్కడ 50 వరకు పక్షులు ఉండవచ్చని 2024లో ప్రకటించారు. గడ్డి దుబ్బుల్లో దాక్కునే ఆ చిలుకలను కళ్లతో లెక్కించడానికి ఎన్నేళ్లు పట్టేదో ఊహించండి.

నమూనా అరకొరగా ఉంటే ఏమవుతుందో అమెరికాలోని దంతపు ముక్కు వడ్రంగి పిట్ట చెబుతుంది. 1935లో కార్నెల్ విశ్వవిద్యాలయ బృందం లూసియానా చిత్తడి అడవిలోకి బరువైన పరికరాలను కంచరగాడిదల బండిపై చేరవేసి దాని కూతలను రికార్డు చేసింది. వివాదం లేని రికార్డింగులు ఇప్పటికీ అవే. ఆ జాతి చెట్టుపై వెంటవెంటనే రెండు దెబ్బలు కొడుతుందని చూసినవాళ్లు రాశారు గానీ, ఆ దెబ్బల చప్పుడు మాత్రం ఆ రికార్డింగుల్లో లేదు. 2004 తర్వాత ఆర్కాన్సాలో ఆ పక్షి కోసం వెతికినప్పుడు రికార్డర్లలో జంట దెబ్బలు పడ్డాయి, పాత కూతను పోలిన కూతలూ పడ్డాయి. అయినా విషయం తేలలేదు. దూరపు తుపాకీ చప్పుడు, కొమ్మకు కొమ్మ తగలడం కూడా జంట దెబ్బలా వినిపించగలవు. బ్లూ జే అనే మామూలు పక్షి ఆ కూతను పోలిన కూత కూయగలదు. బంధు జాతులు కొట్టే దెబ్బలతో పోల్చి చూడడం సూచన మాత్రమే అవుతుంది, రుజువు కాదు.

కాబట్టి మీ మొదటి పని, మీరు అనుకుంటున్న జాతి గొంతు పక్షి కూతలను భద్రపరిచే వెబ్‌సైట్లయిన జెనో కాంటోలో గానీ, కార్నెల్ వారి మెకాలే లైబ్రరీలో గానీ ఉందేమో చూడడం. ఉంటే ఒక్క రికార్డింగు విని ఆగకండి. దొరికినన్ని వినండి, ప్రతిదాని కింద కూస్తున్న పక్షిని రికార్డు చేసినవారు చూశారా లేదా అన్న వివరం చదవండి. చూడకుండా గుర్తించిన రికార్డింగును నమూనాగా పెట్టుకుని, దానితో సరిపోలిందని మరో రికార్డింగును గుర్తించడం చాలా ప్రమాదకరం. ఒక పొరపాటు అలా పదిచోట్లకు పాకడం నేను చూశాను. ఇక నమూనాయే లేకపోతే మీ బాధ్యత పెరుగుతుంది: ఒక్కసారైనా ఆ పక్షి నోరు తెరిచి కూస్తుండగా చూడాలి, లేదా అదే చోట అదే సమయంలో ఫొటో రావాలి. అప్పటిదాకా దానిని గుర్తు తెలియని కూతగానే నమోదు చేయండి. ఆ మాటలో చిన్నతనం ఏమీ లేదు. గుర్తు తెలియనిదిగా భద్రపరిచిన కూతకు తరువాత పేరు దొరకవచ్చు. తప్పు పేరుతో భద్రపరిచినదాన్ని మాత్రం ఎవరూ తిరిగి వినరు.

ఇప్పుడు రికార్డింగు సంగతి.

మైకు గురించి ఆలోచించే ముందు దూరం గురించి ఆలోచించండి. బహిరంగ ప్రదేశంలో శబ్దానికీ మైకుకూ మధ్య దూరం సగమైతే తీవ్రత సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 80 మీటర్ల నుంచి 20 మీటర్లకు వస్తే 12 డెసిబెల్స్ లాభం. మధ్యలో ఆకులూ కొమ్మలూ ఉంటే కూతలోని హెచ్చు స్వరస్థాయి భాగాలు దారిలోనే చెదిరిపోతాయి కనుక, దగ్గరి నుంచి చేసిన రికార్డింగులో దూరం నుంచి వినపడని సన్నని వివరాలు బయటపడతాయి. అలాగని పొదల్లోకి తోసుకుంటూ వెళ్లకూడదు. మొదటి సాయంత్రం కూత ఏ దిక్కు నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకుని, మరునాడు అది మొదలుకావడానికి అరగంట ముందే ఆ దిక్కున తగినంత ఎడంలో కూర్చుని కదలకుండా ఉండడమే నేను పాటించే పద్ధతి. పక్షి దగ్గరకు మనం వెళ్లినప్పుడు అది మూగబోతుంది. మనం ముందే ఉన్న చోటికి అదే వస్తే మామూలుగా కూస్తుంది.

పరికరాల విషయంలో, ఒక దిక్కు శబ్దాన్నే ఎక్కువగా పట్టే షాట్‌గన్ మైకు, చిన్న రికార్డరు, గాలి తగలకుండా బొచ్చు తొడుగు ఉంటే చాలు. శబ్దాన్ని మైకు దగ్గరకు కూడగట్టే గిన్నెలాంటి పారాబోలిక్ డిష్ దూరపు కూతను అద్భుతంగా దగ్గర చేస్తుంది గానీ, దానికి ఒక పరిమితి ఉంది. 500 హెర్ట్జ్ శబ్దపు తరంగం పొడవు దాదాపు 68 సెంటీమీటర్లు. అంతకంటే చిన్న డిష్ ఆ శబ్దాన్ని సరిగా కూడగట్టలేదు. పెద్ద గుడ్లగూబల లోతైన హుంకారానికి అది పెద్దగా ఉపయోగపడదు. రికార్డరును వేవ్ ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వద్ద పెట్టండి. ఎంపీ3లో రికార్డు చేయకండి. మనిషి చెవికి అక్కరలేదనుకున్న భాగాలను అది తీసేస్తుంది, పోల్చి చూసేవారికి ఆ భాగాలే కావలసి రావచ్చు. శబ్ద స్థాయిని దానంతట అదే సర్దుకునే అమరికను ఆపేయండి. అది పనిచేస్తుంటే కూత ఆగిన ప్రతిసారీ వెనకనున్న కీచురాళ్ల రొద ఉబ్బి పైకి వస్తుంది. కూత క్రమంగా హెచ్చిందా తగ్గిందా అన్నది తెలియకుండా పోతుంది. కూతలో అతి పెద్ద భాగం రికార్డరు మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) పెట్టుకుంటే, పక్షి ఒక్కసారిగా దగ్గరకు వచ్చి కూసినా శబ్దం పగలదు.

ఈ పని అంతటిలోనూ నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది కూత ఆగాక మీ గొంతుతో మీరు చెప్పే మాటలు. రికార్డింగు ఆపకుండానే తేదీ, సమయం, చోటు, చెట్లూ పొదలూ ఎలా ఉన్నాయి, కూత ఎంత ఎత్తు నుంచి, సుమారు ఎంత దూరం నుంచి వచ్చింది, ఎన్ని పక్షులు కూశాయనిపించింది, పక్షిని చూశారా లేదా, రికార్డు చేసిన కూతను మీరు వినిపించారా లేదా, అన్నీ చెప్పండి. కాగితం పోతుంది, ఫైలు పేరు మారుతుంది; ఆ ఫైలులోనే ఉన్న మీ మాటలు దానితోపాటే ఉంటాయి. చాలా ఏళ్ల కిందట నేను చేసిన ఒక రికార్డింగు నమోదుకు నోచుకోలేదు. ఒక చిన్న గుడ్లగూబ కూతను నిశ్శబ్దంగా, బాగా పట్టుకున్నాను. ఇంటికి వచ్చాక రొద తీసేసే సాఫ్ట్‌వేర్‌తో శుభ్రం చేసి, కూత ముందూ వెనకా కత్తిరించి, చోటు సరిపోక మూలప్రతిని చెరిపేశాను. పరిశీలించినవారు అడిగిన మొదటి ప్రశ్న, ఆ కూత చివర సన్నగా తెగిపోయింది పక్షి వల్లనా, సాఫ్ట్‌వేర్ వల్లనా అని. నా దగ్గర జవాబు లేదు. ఆ చోట ఆ పక్షి కూత మళ్లీ నాకు వినపడలేదు. అప్పటి నుంచి ఏ మార్పు చేసినా నకలు మీదే చేస్తున్నాను.

మూడో షరతైన పోలికల దగ్గరకు వద్దాం. చెవి ఒక్కదాన్నే నమ్మకండి. కూతను స్పెక్ట్రోగ్రామ్‌గా చూడండి. అడ్డంగా కాలం, నిలువుగా స్వరస్థాయి, ముదురు రంగు ఉన్న చోట శబ్దం గట్టిగా ఉన్నట్టు. ఆడాసిటీ, రేవెన్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఇది వెంటనే కనిపిస్తుంది. చెవికి ఒకే విధంగా వినిపించే రెండు ఈలలలో ఒకటి నిటారు గీతగా మొదలై కిందికి వంగవచ్చు, మరొకటి అడ్డగీతగా సాగి చివర కొక్కెంలా పైకి లేవవచ్చు. కంటికి దొరికే ఆ తేడాను ఎవరితోనైనా వాదనలో చూపించగలం.

ఒకసారి ఒక చిత్తడి నేలలో నాలుగు రాత్రులు ఒక కూతను వెంటాడాను. రెల్లులోపల దాగి ఉండే ఒక నీటికోడి జాతి అని నాకు దాదాపు నమ్మకం కుదిరింది. ఐదో రోజు కూర్చుని రికార్డింగుల్లో కూతలు లెక్కపెట్టాను. సాయంత్రం 7 గంటలకు నిమిషానికి 52, రాత్రి 11 గంటలకు 44, తెల్లవారుజామున 4 గంటలకు 35. మిగతా మూడు రాత్రుల్లోనూ అదే వరస. రాత్రి చల్లబడే కొద్దీ కూత వేగం మందగిస్తోంది. పక్షి శరీరపు వేడి స్థిరంగా ఉంటుంది కాబట్టి చలికి దాని లయ అంత క్రమంగా దిగదు. కప్పలకూ కీచురాళ్లకూ చుట్టూ ఉన్న వేడితోపాటే కూత వేగం మారుతుంది. టార్చి వేసి వెతికితే నీటి అంచున, రెల్లు కాడను పట్టుకుని, గొంతు సంచి ఉబ్బించి బొటనవేలంత కప్ప కనిపించింది. ఒక్క రాత్రి, ఒక్క కూత మాత్రమే రికార్డు చేసి ఉంటే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. మీరు కూడా ఒకే కూతను కాకుండా వేర్వేరు వేళల్లో, పలు రాత్రులు రికార్డు చేయమని చెప్పడానికి కారణం ఇదే.

ఇతర పక్షుల గొంతును అనుకరించే పక్షులు మరో చిక్కు. ఏట్రింత జాతుల్లో కొన్ని, ముఖ్యంగా తోకకు రెండు పొడవాటి ఈకలున్నది, ఇతర పక్షుల కూతలను నమ్మించేంత బాగా కూస్తాయి. కూత ఒక్కటే కత్తిరించి వింటే మోసపోతాం. ముందూ వెనకా రెండు మూడు నిమిషాలు వింటే, అదే గొంతు అదే చోటు నుంచి మరో పక్షి కూతలోకి జారిపోవడం తెలుస్తుంది.

ఇంకొకటి చాలామందికి తట్టదు. అడవిలో వదిలిపెట్టిన నా రికార్డరులో ఒకసారి ఒక అరుదైన పక్షి కూత ఎంతో స్పష్టంగా పడింది. స్పెక్ట్రోగ్రామ్‌ను పెద్దది చేసి చూస్తే మూడో కూత వెనక ఒక కీచురాయి చిర్రుమన్న చిన్న గీత ఉంది. 22 సెకన్ల తర్వాత మళ్లీ అవే కూతలు, మళ్లీ మూడో కూత వెనక అదే చోట అదే గీత. మరో 22 సెకన్లకు మళ్లీ. లోతైన స్వరాలు ఏమాత్రం లేవు, చిన్న స్పీకరులో వచ్చినట్టు. ఎవరో అటుగా వెళుతూ ఫోనులో ఆ పక్షి కూతను వినిపించారు. బతికి ఉన్న పక్షి ఏ రెండు కూతలనూ అచ్చంగా ఒకేలా కూయదు. మీ రికార్డింగులో కూతల మధ్య విరామాలు కొలిచి చూడండి. కాస్త అటూ ఇటూగా ఉంటే నిశ్చింత.

వదిలిపెట్టే రికార్డర్ల గురించి కొద్దిగా చెబుతాను, ఎందుకంటే తరచూ మౌనంగా ఉండే పక్షికి అవే తగిన సాధనం. ఆడియోమాత్ వంటివి చిన్నవి, అర్థం చేసుకోవడం తేలిక. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, ఒకే ఛానెల్ అయితే గంటకు దాదాపు 346 మెగాబైట్లు అవుతుంది. పది గంటల రాత్రికి మూడున్నర గిగాబైట్లు. రాత్రంతా కాకుండా సంధ్య చుట్టూ రెండు గంటలు, తెల్లవారేముందు రెండు గంటలు పెడితే కార్డూ బ్యాటరీలూ నెల దాకా లాగవచ్చు. గడియారం సరిచూసి పెట్టండి. సమయం తప్పైతే సూర్యాస్తమయంతో కూతకు ఉన్న సంబంధమంతా చెడిపోతుంది. అన్ని గంటలూ మీరు వినలేరు కనుక కూతను బట్టి పక్షిని అంచనా వేసే బర్డ్‌నెట్ వంటి సాఫ్ట్‌వేర్‌తో జల్లెడ పట్టండి. కానీ తన అంచనాపై ఎంత నమ్మకమో చెబుతూ అది ఇచ్చే అంకెను గుర్తింపుగా తీసుకోకండి. అది నేర్చుకున్నది ఉన్న రికార్డింగుల నుంచి. అరుదైన పక్షులకు ఆ రికార్డింగులే కొన్ని. అది చూపిన ప్రతి చోటునూ మీరు స్వయంగా విని, స్పెక్ట్రోగ్రామ్ చూసి తేల్చాలి. అలాగే నెల రోజులు కూత పడలేదంటే పక్షి లేదని అర్థం కాదు, ఆ నెలలో ఆ మైకుకు అందేంత దగ్గరలో కూయలేదని మాత్రమే.

కూత వినిపించి పక్షిని రప్పించే పని దయచేసి చేయకండి. ఆ పక్షికి అది తన హద్దులోకి వచ్చిన శత్రువు గొంతు. గుడ్లను గానీ మేతను గానీ వదిలి అది మీ స్పీకరు చుట్టూ తిరుగుతుంది. మామూలు పక్షి ఒకటి రెండుసార్లు తట్టుకుంటుందేమో; పదుల సంఖ్యలో మిగిలిన జాతిలో ఒక జంట గూడు వదిలేస్తే పూడ్చుకోలేని నష్టం. పైగా ఆధారంగా కూడా అది బలహీనం: రెచ్చగొట్టినప్పుడు కూసే కూత మామూలు కూతలా ఉండకపోవచ్చు. అనుమతి ఉన్న సర్వేలలో, శిక్షణ పొందినవారు లెక్కపెట్టి వాడే పద్ధతి అది.

చోటు సంగతి కూడా గుప్తంగా ఉంచండి. పక్షులను చూసినవారు నమోదు చేసే వెబ్‌సైటు ఈబర్డ్, జెనో కాంటో రెండూ ముప్పులో ఉన్న కొన్ని జాతుల విషయంలో వివరాలను బహిరంగంగా చూపించవు. ఆ జాబితాలో మీ పక్షి లేకపోయినా మీరే ఖచ్చితమైన చోటును అందరికీ చెప్పకండి. అటవీ శాఖకూ, ఆ జాతిపై పనిచేసేవారికీ మాత్రం పూర్తి వివరాలు ఇవ్వండి. ఫొటోల వెనుక ఉండే జీపీఎస్ వివరాలతోనూ చోటు బయటపడుతుందని మరవకండి.

ఇక మీ 14 సెకన్లకు వద్దాం. ఫోనులో ఉన్న మూల ఫైలును అలాగే, పేరు కూడా మార్చకుండా రెండు చోట్ల దాచండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజీగా పంపినది మూలప్రతి కాదు, అది కుదించిన నకలు. ఇప్పటికీ గుర్తున్న వివరాలన్నీ ఈ రోజే రాసుకోండి. కూత మొదలైన సమయం నిమిషాలతో సహా గుర్తుంటే, ఆ రోజు సూర్యాస్తమయం ఎప్పుడో చూసి ఎంత సేపటికి మొదలైందో పక్కన వేయండి. రెండు సాయంత్రాలూ ఆ అంతరం దగ్గరగా ఉంటే, రేపు ఎప్పుడు సిద్ధంగా ఉండాలో మీకు తెలిసినట్టే. మంచి మైకు లేదని ఆగకండి. ఫోనునే ఒక రాయి మీద పెట్టి, విమానం మోడ్‌లో ఉంచి, వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చేసే యాప్‌తో కూతకు పది నిమిషాల ముందు నుంచి మొదలుపెట్టి, చేయి తగలకుండా, కూత ఆగాక ఐదు నిమిషాల వరకు నడవనివ్వండి. ఆ తర్వాత మీ మాటలు చెప్పి ఆపండి. అలాంటివి మూడు సాయంత్రాలవి చేతికొచ్చాక, మీ 14 సెకన్లతో పాటు కత్తిరించకుండా ఇక్కడ పెట్టండి, చోటు పేరు లేకుండా. స్పెక్ట్రోగ్రామ్ తీసి, నా దగ్గరున్న కూతలతో ఒక్కొక్కటిగా పోల్చి చెబుతాను.